గెలువవలసినవారు ఏల ఓడుదురు?

2024వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీ శుక్రవారమునాటి ఉదయమున నేను తొమ్మిదవ తరగతి గదిలో అడుగిడునప్పటికి పిల్లలు గుంపుగా కూడి వాదించుకొనుచుండిరి. ముందటి దినమున పారిస్ నగరమున జరిగిన ఒలింపిక్ ముష్టియుద్ధ పోటీలలో మన నిజామాబాదు ఆడుపడుచు నిఖత్ జరీన్ ఓడిపోయెను. రెండు పర్యాయములు ప్రపంచవిజేత యైన యామె పతకము తప్పక తెచ్చునని మనవా రెల్లరును నమ్మియుండిరి. "ఆమె సరిగా పోరాడలేదు" అని యొక బాలుడును, "గర్వము వచ్చియుండును" అని మఱియొకడును అనుచుండగా, వెనుక బల్లమీది బాలిక యొకతె లేచి, "సారూ, అందఱికంటె మేటి యైనప్పుడు ఆమె యెట్లు ఓడెను?" అని యడిగెను.

ఆ దినమున గంట కొట్టులోపల నేను చెప్పగలిగినది కొంచెమే. ఆ బాలిక ప్రశ్నకు తగిన యుత్తరము నాకు చాలకాలము తెలియలేదు. విచారించినకొలది అది యొక్క ముష్టియుద్ధమునకే గాక మన పరీక్షలకును, మన గృహములకును చెందిన ప్రశ్న యని తోచినది. కావున తెలిసికొన్నంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట జరిగిన సంగతి చూతము. నిఖత్ జరీన్ 1996వ సంవత్సరమున నిజామాబాదులో జన్మించెను. 2011లో బాలికల ప్రపంచ పోటీలలో గెలిచెను. 2017లో భుజమునకు దెబ్బ తగిలి కొంతకాలము పోటీలకు దూరమయ్యెను. 2019 డిసెంబరులో జరిగిన ఎంపిక పోటీలో సుప్రసిద్ధురాలగు మేరీ కోమ్ చేతిలో ఓడెను. అటుపిమ్మట 2022 మే నెలలో ఇస్తాంబుల్ నగరమునందు 52 కిలోల తరగతిలోను, 2023 మార్చిలో న్యూఢిల్లీయందు 50 కిలోల తరగతిలోను ప్రపంచవిజేత యయ్యెను. పారిస్‌లో తొలి పోటీయందు జర్మనీ దేశపు మాక్సి క్లోట్జరును 5-0 తేడాతో గెలిచెను. ఆగస్టు 1వ తేదీని రెండవ పోటీలో చైనా దేశపు వూ యూ చేతిలో అదే 5-0 తేడాతో ఓడెను.

ఇచ్చట ఒక సంగతి విశదము చేయవలెను. 5-0 అనగా ఓడినయామె ఒక్క దెబ్బయైనను కొట్టలేదని యర్థము కాదు. ఒలింపిక్ ముష్టియుద్ధమున మూడేసి నిమిషముల వంతులు మూడు జరుగును. అయిదుగురు న్యాయనిర్ణేతలు వేర్వేరుగా కూర్చుండి చూతురు. ప్రతి వంతునందును మేలుగా పోరాడినవారికి 10 గుణములు, రెండవవారికి సాధారణముగా 9 గుణములు ఇత్తురు. తుదకు అయిదుగురిలో ఎందఱు ఎవరిని విజేతగా ఎంచిరో ఆ లెక్కయే ప్రకటింపబడును. కావున వంతువంతునకు ఇంచుక వెనుకబడినవారు సయితము 5-0 గా ఓడవచ్చును. సంఖ్యను చూచి "చిత్తుగా ఓడినది" అని పలుకుట తొందరపాటు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఒకరు గెలుతురని లోకము నమ్ముట యననేమి? మన జమ్మికుంట పత్తి మార్కెటులో వర్తకుడు బస్తానుండి గుప్పెడు పత్తి తీసి, పోగును లాగి, తేమను చూచి వెల చెప్పును. ఆ గుప్పెడు బస్తాను గూర్చి చాల చెప్పును గాని యంతయు చెప్పదు. లోపలి పత్తి మేలుగానైనను కీడుగానైనను ఉండవచ్చును. పోరాడువారిని గూర్చి మనము వేయు అంచనాయు నట్టిదే. అది గతమును జూచి భవిష్యత్తునకు కట్టిన వెల. పోరాడువారు మనకు వ్రాసియిచ్చిన పత్రము కాదు.

పై తరగతుల విద్యార్థులు దీనిని లెక్కవేసి చూడవచ్చును. ఒకరు ప్రతి పోటీయందును పదింట ఎనిమిది పాళ్లు గెలువదగినవారనుకొనుడు. ఇది గొప్ప బలమే. కాని నిఖత్ బంగారు పతకము పొందుటకు వరుసగా అయిదు పోటీలు గెలువవలసి యుండెను. ఎనిమిది పదవ వంతులను అయిదుమార్లు గుణించినచో నూటికి సుమారు 33 పాళ్లు మాత్రమే వచ్చును. అనగా ప్రతి పోటీకిని ముందు "ఈమెయే గెలుచును" అని మనము న్యాయముగానే చెప్పవచ్చును. అయినను మూడింట రెండు పాళ్లు ఆమె ఎచ్చటనో ఒకచోట ఓడుటయే సంభావ్యము. ఒకసారి ఓడినవారు ఇంటికి పోవలసిన పోటీలలో మేటివారి కష్ట మిది.

ముష్టియుద్ధముకంటెను ఇట్టి తలక్రిందులు ఎక్కువగా కనబడు క్రీడ యొకటి కలదు. దానిని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అందురు. అందు పిడికిటితో గుద్దుట, కాలితో తన్నుట, మల్లులవలె పట్టి పడవేయుట, నేలమీద కీళ్లు మెలివేయుట, మెడ బిగించుట మొదలగు విద్యలన్నియు కలిసియుండును. చుట్టును వలకంచె కట్టిన స్థలమునందు ఇద్దఱు పోరుదురు. పట్టునకు తాళలేనివాడు చేతితో తట్టి ఓటమి నొప్పుకొనును. ఈ క్రీడ కన్నులకు కఠినముగా నుండును. మన బాలురు దానిని అనుకరింపవలెనని నా యభిప్రాయము కాదు. కాని మేటివారు ఓడుటకు గల కారణములు అందు అద్దములోవలె తెలియును గనుక మూడు దృష్టాంతములను చెప్పెదను.

మొదటిది: ఓడుటకు ద్వారములు పెక్కు. జార్జెస్ సాం పియెర్ అను కెనడా దేశీయుడు తన తరగతిలో విజేతగా నుండెను. 2007 ఏప్రిల్ 7వ తేదీని హూస్టన్ నగరమున మాట్ సెర్రా అను నతడు ఆయనకు ఎదురు నిలిచెను. సెర్రా నేలమీది పట్లలో పేరుపొందినవాడు. ఆయనకు గెలుపు కలదని నమ్మినవారు బహు కొద్దిమంది. అట్టివాడు పట్లతో గాక పిడికిటి దెబ్బలతో మొదటి వంతునందే సాం పియెరును ఓడించెను. ఈ క్రీడలో ధరించు చేతితొడుగులు సుమారు నాలుగు ఔన్సులవి. ముష్టియుద్ధమున వాడు పది ఔన్సుల తొడుగులకంటె మిక్కిలి పలుచనివి. కావున ఒక్క దెబ్బ సరిగా తగిలినను ఏండ్ల కీర్తి క్షణములో కూలును.

రెండవది: ఎదుటివాని రంగమునందు కాలుపెట్టుట. రష్యా దేశీయుడు ఫెదోర్ ఎమెల్యానెంకో దాదాపు పదేండ్లు ఓటమి యెఱుగక యుండెను. 2010 జూన్ 26వ తేదీని బ్రెజిల్ దేశీయుడు ఫాబ్రిసియో వెర్దూం నేల కొరగగానే, పని యయ్యె ననుకొని ఆయనపైకి దూకెను. కాని వెర్దూం నేలమీదనే ప్రవీణుడు. కాళ్లతో మెడను, చేతులతో చేయిని బిగింపగా, పోటీ మొదలైన 69 సెకనులకే ఫెదోర్ చేతితో తట్టి ఓటమి నొప్పుకొనెను. ప్రత్యర్థి పడినచోటే ఆయన బల మున్నదని మఱచుట ఎంత ప్రమాదమో చూడుడు.

మూడవది: ఒకే విద్యపై ఆధారపడుట. అమెరికా దేశపు రోండా రౌసీ 2008 బీజింగ్ ఒలింపిక్సులో జూడో విద్యయందు కాంస్యపతకము పొందిన వీరవనిత. ఈ క్రీడలో వరుసగా పండ్రెండు పోటీలు గెలిచెను. వానిలో పదునొకండు మొదటి వంతునందే ముగిసెను. 2015 నవంబరు 15వ తేదీని మెల్‌బోర్న్ నగరమున 56 వేలకు పైబడిన జనుల యెదుట హాలీ హోమ్ ఆమెను రెండవ వంతునందు ఒక్క తాపుతో పడగొట్టెను. హోమ్ అంతకుముందు ముష్టియుద్ధమున విజేతగా నుండినయామె. రౌసీ దగ్గఱకు వచ్చి పట్టుకొనవలెనని చూచినకొలది హోమ్ ప్రక్కకు తొలగి, దూరము నిలిపి కొట్టుచుండెను. పండ్రెండు పోటీలలో పనిచేసిన విద్య పదుమూడవ పోటీలో పనిచేయలేదు.

ఇది క్రొత్త సంగతి కాదు. ఆదివారపు బడి పిల్లలు సయితము దావీదు గొల్యాతుల కథ నెఱుగుదురు. గొల్యాతు కవచము ధరించి దగ్గఱి పోరునకు సిద్ధముగా నుండెను. దావీదు రాజు ఇచ్చిన కవచమును విడిచి, తనకు అలవాటైన వడిసెలతో దూరమునుండి కొట్టెను. చిన్నవాడు పెద్దవానిని గెలుచుటలో దైవసహాయముతోపాటు, తన విద్యను తాను విడువకుండుట యనునదియు కలదు.

ముష్టియుద్ధ చరిత్రలో మఱియొక దృష్టాంతము మఱువరానిది. 1990 ఫిబ్రవరి 11వ తేదీని టోక్యో నగరమున, అంతవఱకు ఓటమి యెఱుగని మైక్ టైసన్‌ను జేమ్స్ డగ్లస్ పదవ వంతునందు పడగొట్టెను. డగ్లస్‌పై ఒక డాలరు ఒడ్డినవారికి 42 డాలరుల లాభ మిత్తుమని పందెములవారు ప్రకటించిరి. పందెము మనకు నిషిద్ధము. కాని డగ్లస్‌ను లోకము ఎంత తక్కువగా ఎంచెనో ఆ లెక్క తెలుపును. పోటీకి కొన్ని వారములముందే డగ్లస్ తల్లి మరణించెను. ఎనిమిదవ వంతులో తానే నేల కూలి, మరల లేచి పోరాడెను. ఎదుటివాని హృదయములో ఏమి యున్నదో పందెపు లెక్కకు తెలియదు.

ఇప్పుడు మరల పారిస్‌కు పోదము. నిఖత్ ఓటమికి గర్వము కారణమని మా తరగతి బాలుడు అనెను గదా! కారణములు వేఱుగా కనబడుచున్నవి. పోటీదారులలో మేటివారికి ముందుగా వరుస సంఖ్యల నిచ్చి, వారు తొలి దశలలో ఒకరినొకరు ఎదుర్కొనకుండునట్లు చేయుదురు. నిఖత్‌కు అట్టి సంఖ్య లభింపలేదు. వూ యూ ఆ తరగతిలో మొదటి సంఖ్య గలది. 2023లో 52 కిలోల ప్రపంచవిజేత. తుదిపోటీలో జరుగదగిన పోరు రెండవ పోటీగా వచ్చెను. నిఖత్ అదివఱకే ఒక పోటీ యాడియుండగా, వూ యూకు అదియే మొదటిది. అదిగాక 50 కిలోల తరగతికి దేహమును తగ్గించుటకు తాను రెండు దినములు అన్నపానములు మానవలసి వచ్చెనని నిఖత్ స్వయముగా పత్రికలవారితో చెప్పెను. తరువాత వూ యూయే ఆ తరగతిలో బంగారు పతకము గెలిచెను. అనగా మన యామె ఓడినది సామాన్యురాలి చేతిలో కాదు. ఆ యేటి ఒలింపిక్ విజేత చేతిలోనే. మనము ఒకరి పేరే విని ఆమెయే గెలువవలె ననుకొంటిమి. ఎదుటి యామె పేరు విచారింపలేదు. తలక్రిందు లనుకొన్న దానిలో సగము మన యజ్ఞానమే.

అయినను ఆ దినమున నన్ను కలతపెట్టినది ఓటమి కాదు. పోటీ ముగిసిన పిమ్మట ఆ యువతి కన్నీళ్లతో దేశప్రజలను క్షమాపణ కోరెను. ఏ తప్పునకు? మన యంచనా మనది. దానిని నెఱవేర్చుదునని ఆమె ప్రమాణము చేయలేదు. చేయవలసిన శ్రమ యంతయు చేసి ఓడినవారు ఎవరికిని ఋణపడియుండరు.

తలిదండ్రులారా, ఈ మాట మీతో చెప్పుటకే యింత దూరము వచ్చితిని. కొన్నియేండ్ల క్రిందట నా విద్యార్థి యొకడు జిల్లాకు మొదటివాడగునని మేమెల్లరము చెప్పుకొనుచుంటిమి. ఫలితములు వచ్చిన దినమున వాడు నా యింటి గడప కడ నిలిచి, "సారూ, మీ పేరు చెడగొట్టితిని" అని యేడ్చెను. వాడు చెడగొట్టినది నా పేరు కాదు; నేనే వాని నెత్తిమీద నా యంచనాను మూటగా పెట్టితిని. ఆ దినమునుండి "నీవే మొదటివాడవు" అని యే బాలునితోను అనుట మానితిని. "నీ పని నీవు సరిగా చేయుము" అని మాత్రము చెప్పుదును.

విద్యార్థులారా, ఓడినవారి తరువాతి నడవడి చూడుడు. సాం పియెర్ ఒక సంవత్సరమునకు, 2008 ఏప్రిల్‌లో, మాంట్రియల్ నగరమున అదే సెర్రాను గెలిచెను. అటుపిమ్మట క్రీడను విడుచువఱకు మరల ఓడలేదు. నిఖత్ పారిస్ పిమ్మట మన రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీ పదవిని పొందియు సాధన మానలేదు. 2025లో లివర్‌పూల్ నగరపు ప్రపంచ పోటీలలో పతకము దక్కక వెనుదిరిగెను. అయినను అదే సంవత్సరము నవంబరులో గ్రేటర్ నోయిడాయందు జరిగిన ప్రపంచ కప్పు తుదిపోటీలలో 51 కిలోల తరగతి బంగారు పతకము గెలిచెను.

వెనుక బల్లమీది బాలిక ప్రశ్నకు నా యుత్తర మిది: మేటివారు ఓడుదురు, ఏలయన ఎదుటివారును సాధన చేసినవారే. ఆ బాలిక ఇప్పుడు పదవ తరగతి ముగించి పై చదువులకు పోయినది. ఈ సంచిక ఆమె చేతికి అందునని నమ్ముచున్నాను.