తెల్లకణాలు పెరిగితే బలమేనా?

జ్వరం లేదు, పుండు లేదు. అయినా సీబీపీ రిపోర్టులో టోటల్ కౌంట్ 11 వేలు దాటిందంటే డాక్టరు అడిగే ప్రశ్నల్లో "సిగరెట్ తాగుతారా?" అన్నదీ ఒకటి. మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు మామూలుగా 4 వేల నుంచి 11 వేల దాకా ఉంటాయి. పొగ తాగేవాళ్ళలో ఆ లెక్క తాగనివాళ్ళకంటే సుమారు 20 నుంచి 30 శాతం ఎక్కువ. రోగాన్ని ఎదిరించే కణాలే కదా, పెరిగితే మంచిదే అనుకుంటాం. చిక్కంతా అక్కడే.

ఊపిరితిత్తుల గాలిగదుల్లో మాక్రోఫేజ్‌లనే కణాలు తిరుగుతుంటాయి. లోపలికొచ్చిన దుమ్మునూ క్రిములనూ మింగెయ్యడం వాటి పని. పొగరాయుళ్ళ ఊపిరితిత్తులను సెలైన్‌తో కడిగి ఆ నీటిని పరీక్షిస్తే ఇవి నాలుగైదు రెట్లు ఎక్కువగా దొరుకుతాయి. మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్కో కణం కడుపులో గోధుమరంగు, నల్లరంగు మసి. క్రిమిని మింగే చురుకు మాత్రం తగ్గిపోయి ఉంటుంది. మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీలు ఐదింతలైనా బస్తాలు కదలనట్టు! ఇది చాలదన్నట్టు న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు గుంపులుగా వచ్చి ఎలాస్టేజ్ అనే ఎంజైమును వదులుతాయి. క్రిముల మీద పనిచెయ్యాల్సిన ఆ ఎంజైమే గాలిగదుల గోడలను తినేస్తుంది. దాన్ని అదుపులో పెట్టే ప్రొటీన్‌ను కూడా పొగ దెబ్బతీస్తుంది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం అలా మొదలవుతుంది.

నల్గొండ జిల్లా దామరచర్ల మండలంలో పొగ అనగానే వీర్లపాలెంలోని 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. ఆ ఆందోళనను కొట్టిపారెయ్యలేం. కానీ దుమ్ములో పనిచేసే మనిషి మధ్యమధ్యలో బీడీ ముట్టిస్తే ఆ దుమ్మూ ఈ పొగా పడేది ఒకే కణం మీద. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం తెలంగాణలో పొగ తాగే మగవాళ్ళు 14.9 శాతం, ఆడవాళ్ళు 1.7 శాతం.

మనకు ఇందులో అసలు ప్రమాదం క్షయ. ఆ క్రిమికి ముందుగా ఎదురుపడేది ఈ మసిబారిన మాక్రోఫేజే. తమిళనాడులో 43 వేలమంది మగవాళ్ళ మరణాలను 35 వేలమంది బతికున్నవాళ్ళతో పోల్చిన అధ్యయనం 2003లో లాన్సెట్‌లో వచ్చింది. పొగ తాగేవాళ్ళు క్షయతో చనిపోయే ముప్పు నాలుగు రెట్లకు పైనే అని తేల్చింది. దేశంలో మగవాళ్ళ క్షయ మరణాల్లో సగం పొగవల్లేనని లెక్కకట్టింది. పల్లెల్లో ఆ పొగ ఎక్కువగా బీడీది. బీడీ ఆకుతో చేసింది కాబట్టి తేలికన్న మాటకు ఆధారం లేదు.

మానేస్తే? పారిస్‌లోని పాశ్చర్ సంస్థ వెయ్యిమంది ఆరోగ్యవంతుల రక్తాన్ని పరీక్షించి 2024లో నేచర్ పత్రికలో జవాబిచ్చింది. క్రిమి తగలగానే స్పందించే తొలి వ్యవస్థ త్వరగానే సర్దుకుంటుంది. పాత శత్రువులను గుర్తుపెట్టుకునే టీ కణాల్లో మాత్రం పొగ ముద్ర 10 నుంచి 15 ఏళ్ళు ఉండిపోతుంది. అందుకే మానేసి ఐదేళ్ళయినా సరే, దగ్గు రెండు వారాలు దాటితే సిరప్‌తో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం.