మైళ్ళ లెక్క – హోదా మోజు

గమ్యం చేరడానికి ప్రయాణం చేయడం లోకరీతి. అక్కడ ఏ పనీ లేకపోయినా, కేవలం మైళ్ళు కూడబెట్టడానికే విమానమెక్కేవారు కూడ ఉన్నారంటే ఆశ్చర్యం కలుగక మానదు. దిగిన విమానాశ్రయం దాటి బయటకు రాకుండానే వీరు తిరుగు విమానంలో ఇల్లు చేరుతారు. ఇటువంటి యాత్రకు అమెరికాలో 'మైలేజ్ రన్' అని పేరు.

ఈ మోజుకు మూలమేమిటో చూద్దాం. విమాన చార్జీలపైన, మార్గాలపైన ఉన్న నియంత్రణను తొలగిస్తూ 1978లో అమెరికా చట్టం చేసింది. పోటీ పెరిగింది. ప్రయాణికులు చేజారిపోకుండా అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో 'అడ్వాంటేజ్' పథకాన్ని ప్రారంభించింది. ఎగిరిన మైళ్ళను లెక్కగట్టి ఉచిత టిక్కెట్టు ఇవ్వడం దాని సారాంశం. క్రమంగా గోల్డ్, ప్లాటినం వంటి అంతస్తులు వెలిశాయి. పై అంతస్తు వారికి ప్రత్యేక వరుస, ఖాళీ ఉంటే పై తరగతి ఆసనం లభిస్తాయి. అయితే ఈ హోదాను ఏటేటా మళ్ళీ సంపాదించుకోవలసిందే. అందుకే సంవత్సరాంతంలో కొద్ది మైళ్ళు తక్కువైనవారు అకారణంగా ఆకాశయానం చేసేవారు. ఆ సంస్థలో ఎగ్జిక్యూటివ్ ప్లాటినం హోదాకు ఒకప్పుడు ఏడాదికి లక్ష మైళ్ళు కావలసి ఉండేది. అంటే సుమారు 1,61,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖ చుట్టూ నాలుగు ప్రదక్షిణలు!

దేనిని కొలుస్తామో మనుషులు దానినే పెంచుతారన్నది ఇంజనీర్లమైన మనకు అనుభవమే. దూరాన్ని కొలిచినంతకాలం చౌక టిక్కెట్టుతో ఎక్కువ దూరం తిరిగినవారు లాభపడ్డారు. ఇది గ్రహించిన సంస్థలు కొలబద్దనే మార్చివేశాయి. హోదా నిర్ణయంలో అమెరికన్ 2022లో, డెల్టా 2024లో దూరాన్ని పక్కనపెట్టి ఖర్చుకు పెద్దపీట వేశాయి. మన ఎయిర్ ఇండియా కూడ 2024లో ఖర్చు లెక్కకే మారింది. ఏళ్ళ తరబడి నేర్చిన మైళ్ళ విద్య ఒక్క ప్రకటనతో వ్యర్థమైంది. ఇతరులు ఇచ్చిన హోదా వారి చేతిలోనే ఉంటుంది కదా!

ఇందులో మనకొక ధర్మసూక్ష్మం కూడ ఉన్నది. టిక్కెట్టు సొమ్ము సంస్థది. మైళ్ళు మాత్రం ప్రయాణికుని పేర జమ అవుతాయి. ప్రభుత్వ వ్యయంతో చేసిన అధికారిక ప్రయాణాల మైళ్ళను అధికారిక ప్రయాణాలకే వినియోగించాలన్నది కేంద్ర ప్రభుత్వ నియమం. పర్యటనకు ఫలానా విమానమే కావాలని పట్టుబట్టే ముందు, ఆ కోరిక పని కోసమా, మైళ్ళ కోసమా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. ఉత్తరంతో తీరే పనికి పర్యటన పెట్టుకోవడమూ అటువంటిదే.

కార్డు రంగు ఏదైనా, పని ముగించుకొని వేళకు ఇల్లు చేరినదే సఫలమైన ప్రయాణం. మన ఇంటివారు లెక్కించేది మైళ్ళను కాదు, మనం ఇంట గడిపిన రోజులను.