ఆ సింహాసనం ఖాళీగా ఎందుకుంది?

మ్యూజియానికి వెళ్తాం. శిల్పం ముందు రెండు సెల్ఫీలు దిగి, ‘భలే చెక్కారు’ అనుకుని పక్క గదిలోకి వెళ్లిపోతాం. చూడటమంటే ఇంతేనా?

అమరావతి శిల్పాల్నే తీసుకోండి. కొన్ని ఫలకాల్లో ఒక చెట్టు, దాని కింద ఖాళీ సింహాసనం, పాదముద్రలు, చుట్టూ చేతులు జోడించిన జనం కనిపిస్తారు. నేపథ్యం తెలియకపోతే వాళ్లు ఎవరికి మొక్కుతున్నారో అర్థం కాదు. అది బోధివృక్షమనీ, ఆ పాదాలు బుద్ధుడివనీ తెలిస్తే మాత్రం రాయి కథ చెప్పడం మొదలుపెడుతుంది.

బ్రిటిష్ మ్యూజియంలోని ఒక అమరావతి ఫలకం మరీ ఆసక్తికరం. దానిమీద ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దం నాటి చెట్టు, ఖాళీ సింహాసనం ఉంటాయి. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే రాయిని తిప్పి, రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. అప్పటికి శిల్పులు బుద్ధుణ్ని మనిషి రూపంలోనూ చూపిస్తున్నారు. అంటే ఒకే రాయికి రెండు వైపులా రెండు కాలాలున్నాయన్నమాట!

అర్థం ఒక్కటే కాదు

ఖాళీ సింహాసనం బుద్ధుడికి గుర్తని చాలామంది పండితుల మాట. కాదు, భక్తులు ఆ పవిత్ర స్థలాన్ని దర్శించుకుంటున్న దృశ్యాలూ వీటిలో ఉన్నాయంటారు సూసన్ హంటింగ్టన్ అనే కళాచరిత్రకారిణి. కాబట్టి ‘సరైన జవాబు’ బట్టీ పట్టడం కన్నా, ఆధారాలు చూసి ఆలోచించడం ముఖ్యం.

ఇలా చూడండి

* లేబుల్ చదవకముందే రెండు నిమిషాలు గమనించండి. ఏముంది? ఉండాల్సింది ఏది లేదు?
* ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కోసం చేశారో తెలుసుకోండి.
* ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? అమరావతిలో నిండు కలశం చెక్కిన ఒక ఫలకాన్ని విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి దానమిచ్చినట్టు శాసనం ఉంది. స్తూపం రాజులది మాత్రమే కాదని ఆ ఒక్క వాక్యం చెబుతోంది.
* ఇక్కడికెలా వచ్చింది? అమరావతి శిల్పాల్లో చాలావాటిని 19వ శతాబ్దంలో చెన్నైకి, లండన్‌కి తరలించారు.

చదువుగా ఎంచుకుంటే...

ఈ ప్రశ్నలు మీకు నచ్చితే ఆర్ట్ హిస్టరీ గురించి ఆలోచించవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీల్లో ఈ సబ్జెక్టులో పీజీ ఉంది. మ్యూజియాలు, గ్యాలరీలు, కళాఖండాల సంరక్షణ, బోధన, రచన వంటి దారులున్నాయి. ప్రవేశ వివరాలు ఆయా వెబ్‌సైట్లలో చూసుకోండి.

కోర్సులో చేరినా చేరకపోయినా, ఈసారి మ్యూజియానికి వెళ్తే ఒక్క శిల్పం దగ్గరైనా కాసేపు ఆగండి. సెల్ఫీ తర్వాతైనా దిగొచ్చు.