దూడ గంతులకి 256 రంగులు

రండర్రా, అరుగు మీద సర్దుకు కూర్చోండి. దూడ గంతులేస్తున్న వీడియోని జిఫ్ బొమ్మగా మార్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని కదూ మీ గొడవ? జిఫ్ సంగతేమిటో ముందు తెలిస్తే, ఏది కావాలో మీకే తెలిసిపోతుంది.

1987లో అమెరికాలో కంప్యూసర్వ్ అనే కంపెనీలో స్టీవ్ విల్‌హైట్ బృందం దీన్ని తయారుచేసింది. అప్పట్లో బొమ్మలు టెలిఫోను తీగల మీద నత్తనడకన వచ్చేవి. అందుకే పొదుపు నేర్చిన బొమ్మ ఇది: ఒక్కో ఫ్రేముకి 256 రంగులే. మీ ఫోను వీడియోలోనో, కోటీ అరవై ఏడు లక్షల రంగులకు చోటుంది!

మరి ఆ 256 ఎవరు ఏరాలి? అక్కడే ఉందర్రా అసలు కిటుకు. సంక్రాంతి ముగ్గుకి మీ అమ్మమ్మ ఏం చేస్తుంది? ముందు ముగ్గంతా మనసులో చూసుకుని, నెమలి వేస్తోంది గనక నీలాలూ పచ్చలూ ఎక్కువ కొంటుంది. నారింజ రంగు చాలకపోతే ఎరుపూ పసుపూ పక్కపక్కన చుక్కలుగా చల్లుతుంది. దూరం నుంచి చూస్తే నారింజగానే ఉంటుంది! మంచి సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇదే. అలా చుక్కలు చల్లడాన్ని డిథరింగ్ అంటారు.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మీటలుండవు, ఆజ్ఞ టైపు చెయ్యాలి. అందులో పాలెట్‌జెన్ అని ఒకటుంది. అది వీడియో అంతా ఒకసారి తిరిగి చూసి, దూడ చెవుల గోధుమరంగుకీ గడ్డి పచ్చకీ తగిన రంగులు ఏరుతుంది. అలా ఏరకుండా ఏవో రంగులతో సరిపెడితే ఆకాశం చారలు చారలుగా వస్తుంది. గిఫ్‌స్కీ ఇంకో మెట్టు పైన: ఫ్రేము ఫ్రేముకీ వేరే రంగులు ఏరగలదు. బొమ్మ కళకళలాడుతుంది, ఫైలూ బరువెక్కుతుంది. విండోస్ ఉంటే మాత్రం పిల్లలకి నేను స్క్రీన్‌టుజిఫ్ ఇస్తాను. ఫ్రేములన్నీ వరసగా కళ్ళముందు పరుస్తుంది. దూడ నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్న ఆ ఒక్క ఫ్రేము దొరికినప్పుడు చూడాలి, ఎంత ముచ్చటో!

వాట్సాప్‌లోనూ కొద్ది సెకన్లకి కత్తిరిస్తే జిఫ్ అని వస్తుందిగా అంటారేమో. నిజమే, కానీ అవతలికి వెళ్ళేది శబ్దం లేని చిన్న వీడియో.

ఇంకో సంగతి. జిఫ్‌లో ఒకే రంగు వరసగా ఉంటే దాన్నీ, పదేపదే వచ్చే వరసల్నీ చిన్న గుర్తుగా కుదించి రాసుకుంటారు. ఫోను వణికితే గోడా చెట్టూ అన్నీ ఫ్రేము ఫ్రేముకీ మారిపోయి ఫైలు ఉబ్బిపోతుంది. డిథరింగ్ చుక్కలు మరీ ఎక్కువైనా అంతే. కాబట్టి ఫోనుని స్తంభానికి ఆనించి తీయండి. జిఫ్‌కి మూడు నాలుగు సెకన్లు చాలు, వెడల్పు 480 పిక్సెళ్ళు, సెకనుకి 10 ఫ్రేములు. దూడ గంతు అంతకంటే ఎక్కువ అడగదు. ఆకాశం మరీ చారలు పడితేనే డిథరింగ్ పెంచండి.