పెన్‌డ్రైవ్‌లో కొత్త ఫైళ్లు ఎక్కడం లేదా? ముందు ఉన్నవి కాపాడుకోండి

మొన్న జీవామృతం వీడియో ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ పెడితే 'రైట్ ప్రొటెక్టెడ్' అని వచ్చింది. మూడేళ్ల పొలం ఫొటోలు, సేంద్రియ సర్టిఫికెట్ కోసం రాసుకున్న రికార్డులు అన్నీ అందులోనే. ఇంకెక్కడా కాపీ లేదు. గుండె ఆగినంత పనైంది.

ఫైళ్లు తెరుచుకుంటున్నాయి కాబట్టి ముందు అన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాను. మీరూ అదే చేయండి. తొందరపడి ఫార్మాట్ కొట్టకండి.

తర్వాత వరుసగా ఇవి చూడండి:

1. కొన్ని పెన్‌డ్రైవ్‌లకు పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది. అది లాక్ వైపు జరిగిందేమో చూడండి.

2. వేరే కంప్యూటర్‌లో పెట్టండి. అక్కడ ఎక్కితే తప్పు పెన్‌డ్రైవ్‌ది కాదు.

3. పెద్ద వీడియో ఒక్కటే ఎక్కడం లేదా? ఫ్యాట్32 ఫార్మాట్ అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయాలి. పాతవన్నీ చెరిగిపోతాయి, జాగ్రత్త.

4. విండోస్‌లో డిస్క్‌పార్ట్‌తో 'రీడ్ ఓన్లీ' తీసేయొచ్చు. ఎలాగో పై వీడియోలో చూపించాను. డిస్క్ నంబరు, సైజు రెండుసార్లు సరిచూసుకోండి.

నాది దేనికీ లొంగలేదండి. లోపలి మెమరీ అరిగిపోతే, ఉన్న డేటా పోకుండా కొన్ని పెన్‌డ్రైవ్‌లు రాయడం ఆపేస్తాయి. అలాంటిది ఇక మార్చేయడమే.

విత్తనమంతా ఒకే కుండలో దాచం కదా! రికార్డులూ రెండు చోట్ల ఉంచుకోండి.