ఫోకస్ యాప్ ఉంది సరే, ఫోన్ ఎవరిది?

కంచన్‌బాగ్ అనగానే చాలామందికి డీఆర్‌డీవో గుర్తొస్తుంది. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, పక్కనే మిధాని, బీడీఎల్. ఆ ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు సొంత స్మార్ట్‌ఫోన్‌తో లోపలికి వెళ్ళడానికి లేదు. కారణం భద్రతే, ఏకాగ్రత కాదు. కానీ పరీక్షలకి చదివే పిల్లలకి ఇంతకన్నా మంచి ఫోకస్ టూల్ ఇంకోటి లేదేమో అని ఆ గేట్ల ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు అనిపిస్తుంటుంది.

చాదస్తం అనుకోకండి. 2017లో టెక్సస్ యూనివర్సిటీలో ఏడ్రియన్ వార్డ్ బృందం ఒక ప్రయోగం చేసింది. కొందరి ఫోన్ బల్ల మీద, కొందరిది జేబులోనో బ్యాగులోనో, ఇంకొందరిది పక్క గదిలో. అన్నీ సైలెంట్‌లోనే. బల్ల మీద పెట్టుకున్నవాళ్ళ కంటే పక్క గదిలో పెట్టినవాళ్ళే పరీక్షలో మెరుగ్గా చేశారు. ఫోన్ మోగకపోయినా, దాన్ని చూడకుండా ఆపుకోవడానికే మెదడు కొంత ఖర్చవుతుందని వాళ్ళ వాదన. తర్వాత వేరేవాళ్ళు చేసిన ప్రయోగాల్లో ప్రతిసారీ ఇంత స్పష్టంగా తేలలేదు, అదీ చెప్పాలి.

మరి పాఠమే ఫోన్‌లో ఉంటే? క్లాసు యూట్యూబ్‌లో, నోట్సు వాట్సాప్ గ్రూపులో ఉంటే పక్క గదిలో ఎలా పెడతారు?

మా గల్లీలో ఇంటర్ సెకండియర్ చదివే అబ్బాయికి సాయంత్రాలు నేను లెక్కలు చెబుతుంటాను. రెండు గదుల ఇల్లు, నలుగురు పిల్లలు, అందరికీ కలిపి ఒకటే మంచి ఫోన్. "భయ్యా, మంచి ఫోకస్ యాప్ ఏదైనా చెప్పు" అంటే ఫారెస్ట్ వేసుకోమన్నాను. టైమర్ పెడితే తెర మీద చిన్న మొక్క పెరుగుతుంది, మధ్యలో వేరే యాప్‌లోకి వెళితే ఎండిపోతుంది. మూడో రోజు వచ్చి, "చెట్టు నా వల్ల చావలేదు భయ్యా, మా చెల్లి వాట్సాప్ తెరిచింది" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ అసలు సంగతి అక్కడే ఉంది. ఈ యాప్‌లు తయారుచేసేవాళ్ళు మనసులో అనుకునే విద్యార్థికి సొంత ఫోన్ ఉంటుంది, సొంత గది ఉంటుంది, తలుపు వేసుకునే వీలుంటుంది. పాతబస్తీలో ఆ మూడూ ఎంతమందికి ఉన్నాయి?

చిత్రమేంటంటే, ఈ యాప్‌లలో సగం వాడే కిటుకు ఫోన్‌లో పుట్టలేదు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్‌తో చదువు మొదలుపెట్టాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. పోమొడోరో అంటే ఇటాలియన్‌లో టమాటా అనే. మావాడు ఇప్పుడు వాళ్ళమ్మ పాత కీప్యాడ్ ఫోన్‌లో అలారం పెట్టుకుంటున్నాడు. దాన్ని చెల్లెలు ముట్టుకోదు.

తన చదువుని తనే నడుపుకోవడం మీద ఏళ్ళ తరబడి పనిచేసిన బారీ జిమ్మర్‌మన్ దాన్ని మూడు దశలుగా చెప్పాడు: మొదలుపెట్టే ముందు ఆలోచన, చేస్తున్నప్పుడు అదుపు, అయ్యాక సమీక్ష. యాప్ స్టోర్‌లో మధ్యదానికే గిరాకీ. నిజానికి బలం మొదటిదానిలో ఉంది. "రేపు బాగా చదవాలి" కాదు, "భోజనం చేసి లేవగానే మ్యాట్రిసెస్‌లో 5 లెక్కలు" అని ఎప్పుడు, ఏమిటి అనేది ముందే కట్టేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ చూపించాడు. దానికి ఒక చీటీ చాలు.

ఇక స్ట్రీక్‌ల సంగతి. మా సాఫ్ట్‌వేర్ మీటింగుల్లో రోజూ వినబడే మాట రిటెన్షన్. అంటే, ఈ రోజు వచ్చినవాడు రేపు కూడా వస్తాడా అని. "మీ 40 రోజుల స్ట్రీక్ పోతుంది" అని రాత్రి పదకొండుకి మెసేజ్ వచ్చిందంటే అది మీ చదువు మీద బెంగతో కాదు. చదువు యాప్ అయినంత మాత్రాన లెక్క మారదు. ఆ మాటకొస్తే, 2018 నుంచి ఆండ్రాయిడ్‌లో ఉన్న డిజిటల్ వెల్‌బీయింగ్ నాకు నయమనిపిస్తుంది. ఇన్‌స్టాకి 20 నిమిషాలు అని పెడితే 20కి మూసేస్తుంది, మెడల్ ఇవ్వదు.

మూడ్ ట్రాకర్లని మొదట్లో నేను తేలిగ్గా తీసుకున్నాను. ఐదు పసుపు మొహాల్లో ఒకటి నొక్కితే ఏమొస్తుంది అని. కానీ భావానికి పేరు పెడితే మెదడులో భయంతో ముడిపడిన అమిగ్డలా భాగం కాస్త నెమ్మదిస్తుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం స్కాన్లలో చూసింది. పేరు అంటే మొహం బొమ్మ కాదు, మాట. మనకి మాటలకేం కొదవ? గుబులు వేరు, బెంగ వేరు, ఉక్రోషం వేరు, విసుగు వేరు. మావాడు రెండు వారాలు నోట్స్ యాప్‌లో రోజుకో మాట రాశాడు. కెమిస్ట్రీ ఉన్న రోజల్లా "గాబరా", రికార్డెడ్ క్లాసుల రోజు "విసుగు". అప్పటిదాకా రెండింటినీ "మూడ్ లేదు" అనేవాడు. విసుగుకి వీడియో ఆపి లెక్క చేస్తే సరిపోయింది. గాబరాకి కింది తరగతి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

వారాల తరబడి నిద్ర లేకుండా, తిండి సహించకుండా చేసే దిగులుకి మాత్రం యాప్ సరిపోదు. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆ కేసులో 2025 జులై 25న తీర్పిస్తూ సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టడం మానుకోవాలి. టెలి మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు తరగతి గదుల్లో, హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో కనిపించాలి.

టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్ నుంచి ఉంది, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. కీప్యాడ్ ఫోన్ నుంచైనా కలుస్తుంది. మీ కాలేజీలో ఆ నంబరు ఎక్కడ రాసుందో చూడండి. మావాడిని అడిగితే, ర్యాంకుల ఫ్లెక్సీ వెనకాల ఉందన్నాడు.