రెండు తరముల కెమేరాలు

నాగర్‌కర్నూలు జిల్లాలోని లింగాల, నల్లమల అడవి అంచున ఉన్నది. చైత్ర పౌర్ణమి వచ్చినదనగా ఇక్కడినుండి అప్పాయిపల్లి మీదుగా జనము కాలినడకను సలేశ్వరము జాతరకు పోవుదురు. ఎత్తయిన కొండచరియల నడుమ లోతైన లోయ, లోయలో జలపాతము, దాని చెంత గుహలో లింగమయ్య. లోయ అడుగున పట్టపగలును నీడయే. తల యెత్తి చూచినచో ఆకాశము మాత్రము తెల్లగా మెరయుచుండును. ఫోటో తీయువానికి ఇంతకంటె కఠినమైన పరీక్ష అరుదు. వెలుతురు తక్కువ, జనము నిలువరు, నీడకును ఆకాశమునకును వెలుగులో ఎంతో అంతరము.

ఈ జాతరను ఏటేట చిత్రములుగా భద్రపరచవలెనని ఒక ఉన్నత పాఠశాల తలపెట్టినదనుకొందము. చేతిలోని సొమ్ము స్వల్పము. పాత వస్తువుల అంగడిలో రెండు కెమేరాలు కనబడినవి. ఒకటి నికాన్ డి 40. ఇది 2006లో వచ్చినది. రెండవది అదే కంపెనీవారి డి 3500. ఇది 2018లో వచ్చినది. రెండును నేర్చుకొనువారికై చేసినవే. రెంటి తయారీయు నేడు నిలిచిపోయినది. మొదటిది మిక్కిలి చౌక, రెండవదాని వెల చాల హెచ్చు. ఈ పండ్రెండేండ్లలో విజ్ఞానము ఏమి సాధించినది? సాధించినదానిలో లోయ అడుగున పనికివచ్చునది ఎంత?

నిర్మాణములో రెండును ఒక జాతివి. కటకము గుండా వచ్చిన కాంతి, 45 డిగ్రీల వాలుగా నిలిపిన అద్దముపై పడి పైకి మరలి, మరికొన్ని అద్దముల సాయమున కంటికి చేరును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును, షట్టరు తెరచుకొనును, కాంతి వెనుకనున్న సెన్సర్ అను పలకమీద పడును. ఈ పలక తపాలాబిళ్ళ అంత ఉండును. డి 40లో దాని కొలత 23.7 × 15.6 మిల్లీమీటర్లు, డి 3500లో 23.5 × 15.6 మిల్లీమీటర్లు. అనగా పన్నెండేండ్లు గడచినను కాంతిని పట్టు నేల పెరుగలేదు. తరువాతి లెక్కలన్నియు ఈ సంగతిపైననే నిలిచియున్నవి.

మారినది, ఆ నేలను పంచిన గళ్ళ సంఖ్య. ఈ గళ్ళనే పిక్సెళ్ళందురు. డి 40లో అడ్డముగా 3008, నిలువుగా 2000; మొత్తము సుమారు 60 లక్షలు. డి 3500లో 6000, 4000. మొత్తము 2 కోట్ల 40 లక్షలు. నాలుగు రెట్లనగానే బొమ్మ నాలుగు రెట్లు బాగుండునని కొనువాడు భ్రమపడును. పొడవున చూచిన వివరము రెట్టింపే. అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చువేసినచో డి 40 చిత్రము 10 అంగుళములు, డి 3500 చిత్రము 20 అంగుళములు వచ్చును. పాఠశాల పత్రికలో పుట వెడల్పు 8 అంగుళములు దాటుట అరుదు. గోడకు పెద్దపటము కట్టవలెనన్నను, దూరపు కొమ్మపై పక్షిని కత్తిరించి పెద్దది చేయవలెనన్నను క్రొత్తదాని ఆధిక్యము తెలియును గాని, పత్రికకు 60 లక్షలు చాలును.

పిక్సెల్ చిన్నదైనచో అది పట్టు కాంతియు తగ్గును గదా యని విద్యార్థి అడుగవచ్చును. సమానమైన రెండు వాకిళ్ళలో ఒకదానినిండ ఆరు గంగాళములు, రెండవదానినిండ ఇరువది నాలుగు చెంబులు పేర్చినట్లు ఊహింపుడు. వాన ఒకటే. ఒక్కొక్క చెంబులో నీరు గంగాళములోని దానిలో నాలుగవ వంతే. అయినను వాకిటి మొత్తము నీరు మారదు. నాలుగు చెంబులు కలిపినచో ఒక గంగాళము. చిత్రమును ఒకే పరిమాణమున అచ్చువేసినప్పుడు జరుగునదియు ఇదియే.

వాన ఉపమానము ఇంకొక విషయమునకును పనికివచ్చును. చినుకులు లెక్కపెట్టినట్లు సమానముగా పడవు. సగటున 100 పడవలసిన పాత్రలో ఒకమారు 90, ఒకమారు 110 పడును. హెచ్చుతగ్గు ఆ సంఖ్య వర్గమూలమంత, అనగా 10, నూటికి 10. సగటు 10,000 అయినచో హెచ్చుతగ్గు 100. నూటికి 1 మాత్రమే. కాంతియు ఫోటాను కణముల వానయే. మసక వెలుతురులో తీసిన చిత్రమున ఇసుక చల్లినట్లు కనిపించు గరుకుదనమునకు ముఖ్యకారణము ఈ లెక్కయే. ఇందులో యంత్రము తప్పు లేదు.

మరి పురోగతి ఎక్కడ? రెండుచోట్ల. మొదటిది, పడిన ఫోటానులలో ఎలక్ట్రానులుగా మార్చి లెక్కకు తెచ్చువాని పాలు పెరిగినది. రెండవది, లెక్కించునప్పటి గోల తగ్గినది. డి 40లోని సెన్సర్ సి.సి.డి. జాతిది. ఊరిలో ఇల్లంటుకొన్నప్పుడు బావినుండి బిందెలు చేతులు మార్చినట్లు, ప్రతి గడిలోని విద్యుదావేశమును పక్కగడికి, అక్కడినుండి ఆ పై గడికి జరుపుచు చివరనున్న వర్ధకము వద్ద కొలుతురు. ఆవేశము నడచు ఈ బాటలకు కొంత స్థలము పోవును. డి 3500లోని సీమాస్ సెన్సర్‌లో ప్రతి గడి వద్దనే చిన్న వర్ధకము కలదు. ఆరంభదశలో సీమాస్ పలకలే ఎక్కువ గోల చేసెడివి. ఏండ్ల తరబడి చక్కదిద్దగా అవి పైచేయి సాధించినవి. గుసగుస వినబడుటకు తరగతి నిశ్శబ్దముగా ఉండవలెను గదా. సలేశ్వరము లోయలో ఆకాశము తెల్లబారిపోకుండ చిత్రము తీసి, తరువాత నీడలోని ముఖములను వెలిగింపబోయినప్పుడు ఈ నిశ్శబ్దము విలువ తెలియును. డి 40 చిత్రములో నీడలు త్వరగా గరుకెక్కును. డి 3500 చిత్రములో ముఖములు బయటపడును.

ఐ.ఎస్.ఓ. సంఖ్యలను మాత్రము జాగ్రత్తగా చదువవలెను. డి 40లో అవి 200 మొదలు 1600 వరకు, ఆపైన 3200కు సమానమైన ఒక మెట్టు. డి 3500లో 100 మొదలు 25,600 వరకు. 1600తో పోల్చిన ఇది పదునారు రెట్లు. నిజమైన లాభము అందుకు చాల తక్కువ. ఐ.ఎస్.ఓ. పెంచుట జాతర మైకు శబ్దము పెంచుట వంటిది. పాటతోపాటు బరబరయు పెరుగును. పైగా ప్రకృతియే ఒక హద్దు పెట్టినది. పాత సెన్సర్ ఫోటానులలో మూడవవంతును పట్టినదనుకొన్నను, ఎంత గొప్ప సెన్సర్ వచ్చినను అందుకు మూడు రెట్లకు మించి పట్టలేదు. పడినవాటికంటె ఎక్కువ పట్టుట ఎవరికిని సాధ్యము కాదు గదా!

ఇక కటకము. అంగడివాడు దీనిని గూర్చి తక్కువగా చెప్పును, కాని లోయలో అన్నిటికంటె ఎక్కువ లాభము దీనివలననే. ఈ కెమేరాలతో సామాన్యముగా వచ్చు 18-55 మిల్లీమీటర్ల కటకము 35 మిల్లీమీటర్ల వద్ద ఎంత తెరచినను దాని ఎఫ్ సంఖ్య సుమారు 4.5. 2009లో నికాన్ వారు 35 మిల్లీమీటర్ల స్థిర కటకమును వెలువరించిరి. దాని ఎఫ్ సంఖ్య 1.8. కాంతి ఈ సంఖ్య వర్గమునకు విలోమముగా మారును. 4.5 వర్గము 20.25, 1.8 వర్గము 3.24. భాగించిన 6.25 రెట్లు. లోయలో మామూలు కటకముతో 1600 ఐ.ఎస్.ఓ. వద్ద 1/30 సెకను కావలెననుకొందము. నడచువారి రూపులు అలుకుకొనిపోవును. డి 3500లో 6400కు పెంచినచో 1/120 సెకను. డి 40కి ఆ స్థిర కటకము తగిలించినచో 1600 వద్దనే సుమారు 1/190 సెకను! పాత కెమేరా మంచి కటకముతో, క్రొత్త కెమేరా మామూలు కటకమును మించినది. స్పష్టముగా కనబడు లోతు తగ్గుట దీనికి చెల్లించు మూల్యము. ముందువాని కన్ను స్పష్టమైనచో వెనుకవాడు మసకబారును.

కటకము కొనునప్పుడు ఒక మెలకువ. ఈ రెండు కెమేరాలలోను కటకమును త్రిప్పు మోటారు లేదు. అది కటకములోనే ఉండవలెను. అట్లని ఏ మోటారు కటకమైనను చెల్లదు. డి 3500తో వచ్చు ఏ.ఎఫ్-పి. జాతి కటకమును డి 40కి తగిలించినచో, బిగియును గాని ఫోకస్ కాదు.

పరికరమొక్కటే చిత్రమును నిర్ణయింపదనుటకు ఈ అడవిలోనే సాక్ష్యము కలదు. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940 ప్రాంతమున నల్లమల చెంచుల నడుమ తిరిగి తీసిన ఛాయాచిత్రములు, 1943లో వెలువడిన ఆయన గ్రంథములో ఉన్నవి. నేటి సెన్సర్లతో పోల్చిన నాటి ఫిల్ము మిక్కిలి మందకొడిది.

డి 40 నిక్కముగా గెలుచు సందర్భమొకటి కలదు. మిట్టమధ్యాహ్నము అప్పాయిపల్లి దారిని నడచుచున్న వృద్ధుని తలపాగా క్రింద ముఖము నల్లబడును. ఆ నీడను ఫ్లాష్‌తో నింపవలెను. సి.సి.డి.ని విద్యుత్తుతోనే క్షణములో తెరచి మూయవచ్చును గనుక, డి 40 ఫ్లాష్‌ను 1/500 సెకను వరకు వాడనిచ్చును. డి 3500లో షట్టరు తెరలమీదనే ఆధారము. హద్దు 1/200 సెకను. ఫ్లాష్ బలమును తెలుపు గైడ్ సంఖ్యయు డి 40లో ఐ.ఎస్.ఓ. 100 వద్ద 12, 200 వద్ద 17. డి 3500లో 100 వద్ద 7 మాత్రమే. ఈ సంఖ్యను ఎఫ్ సంఖ్యతో భాగించినచో ఫ్లాష్ చేరు దూరము మీటర్లలో వచ్చును. నిండు ఎండలో డి 3500కు ఐ.ఎస్.ఓ. 100, 1/200 సెకను వద్ద ఎఫ్ 11 కావలెను. 7ను 11తో భాగించిన 0.6 మీటరు. డి 40కి ఐ.ఎస్.ఓ. 200, 1/500 సెకను వద్ద ఎఫ్ 10. 17ను 10తో భాగించిన 1.7 మీటర్లు. ఒకరి ముఖమునకు అరమీటరు దూరమున కెమేరా పెట్టుట మర్యాదయు కాదు.

మిగిలినవి సౌకర్యములు. డి 3500లో ఫోకస్ బిందువులు 11, డి 40లో 3. మొదటిది సెకనుకు 5 చిత్రములు, రెండవది 2.5. డి 40లో వీడియో అసలే లేదు. ఒకమారు చార్జి చేసినచో డి 40 సుమారు 470 చిత్రములు, డి 3500 సుమారు 1550 చిత్రములు తీయునని తయారీదారుల లెక్క. అడవిలో దినమంతయు కరెంటు దొరకదు గనుక ఇది చిన్న సంగతి కాదు. 32 గిగాబైట్లకు మించిన కార్డు డి 40కి పనికిరాదు.

పాత కెమేరాను కొనుటకు ముందు రెండు పరీక్షలు చేయవలెను. ఎఫ్ 16 వద్ద తెల్లగోడను తీసి చూచినచో సెన్సర్‌పై ధూళి నల్లమచ్చలుగా కనబడును. రెండవది తరగతిలోను చేయదగినది. కటకమునకు మూతపెట్టి, గోలను సరిదిద్దు ఏర్పాటును ఆపి, 30 సెకనుల చిత్రము తీయవలెను. కాంతి ఏమియు పడకున్నను కొన్ని గళ్ళు చుక్కలై మెరయును. వేడివలన వాటిలో తమంతట తామే ఎలక్ట్రానులు పుట్టుచుండును. ఉష్ణోగ్రత సుమారు 6 మొదలు 8 డిగ్రీలు పెరిగినప్పుడెల్ల ఈ పుట్టుక రెట్టింపగును. చైత్రమాసపు తెల్లవారుజామున ఒకమారు, మధ్యాహ్నము రెండు గంటలకు ఒకమారు తీసి, విద్యార్థులచేత చుక్కలు లెక్కింపజేయవచ్చును.